చప్పట్లు ఎక్కడ పడ్డాయి?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. తెలుగు బాగా రాస్తావు. న్యూజెర్సీలో పెరిగిన పిల్లవి కదా, ఆ మాట ఊరికే అనడం లేదు. ఇక అసలు సంగతికి వస్తాను.

సెంట్రల్ పార్కులో విన్న సల్సా కచేరీ గురించి రాస్తూ "బ్యాండ్ అందుకోగానే జనమంతా ఆనందంగా చప్పట్లు కొట్టారు, నేను మైమరచిపోయాను" అన్నావు. అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏ చప్పట్లమ్మా? ఎక్కడ పడ్డాయి?

సల్సా అనే ఆ లాటిన్ సంగీతంలో చప్పట్లకు ఒక లెక్కుంది. క్లావే అంటారు. రెండు బార్లలో, అంటే రెండు ఆవర్తాల్లో, ఐదు దెబ్బలు: ఒక బార్‌లో మూడు, ఇంకో బార్‌లో రెండు. మూడు ముందొస్తుందా, రెండు ముందొస్తుందా అన్నది పాటను బట్టి ఉంటుంది. ఆ దెబ్బలు వేసే చెక్కముక్కలు ఎవరూ కొట్టకపోయినా లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది. చేత్తో వాయించే కాంగా డ్రమ్ము, బేసు, పియానో, ట్రంపెట్లు అన్నీ దానికి లోబడే వాయిస్తాయి. మన సభల్లో ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేసే పెద్దాయన్ని చూశావుగా. ఆయన చెయ్యి తప్పితే పక్కాయన ఓరగా చూస్తాడు. అక్కడా అంతే. మరి నువ్వు ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని వరసగా కొట్టావా? ఆ ఐదు చోట్లే కొట్టావా? నీ పక్కావిడ ఎలా కొట్టింది? నాకు కావలసింది అది. మైమరచిపోయిన మనిషి ఇంటికెళ్ళి పడుకోవాలి, వ్యాసం రాయకూడదు.

ఈమధ్య అందరికీ ఈ జబ్బే. ఏ కచేరీ మీద రాసినా "నాలో ఏదో కరిగింది" అని మూడు చుక్కలు. కరిగితే కరిగింది, వాయించినవాడి పేరేంటి?

ఎనభైల్లో నేను క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్‌లో ఉండేవాణ్ణి. డెబ్భై నాలుగో వీధిలో మనవాళ్ళ చీరల కొట్లు, నాలుగడుగులేస్తే రూజ్‌వెల్ట్ ఎవెన్యూ. నెత్తిన సెవెన్ ట్రైను, కింద కొలంబియా వాళ్ళ బేకరీలు, క్యాసెట్ల కొట్లు. రైలు పోతున్నంతసేపూ పాట వినపడదు. అది దాటాక పాట ఎక్కడిదాకా వచ్చిందో పట్టుకోవాలి. నాకు స్పానిష్ రాదు, కొట్టాయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నా తల ఊపు చూసి నవ్వి, పెన్ను తీసుకుని అద్దాల కౌంటర్ మీద ఆ ఐదు దెబ్బలూ కొట్టి చూపించాడు. డ్యూటీ దిగి ఆయన దగ్గరికి పోవడమే అప్పట్లో నా చదువు.

దాని మీద ఒక వ్యాసం రాసి మన వారపత్రిక ఒకదానికి పంపాను. "మన పాఠకులకు ఇవన్నీ ఎందుకండీ, అమెరికాలో దీపావళి గురించి రాయండి" అని జవాబు. తర్వాత మనసు మార్చుకుని వేశారు. వేస్తే వేశారు, టింబాలీస్ అని రాసిన ప్రతిచోటా "ఒక రకం డప్పులు" అని దిద్దేశారు! లోహపు డొక్కతో, పుల్లలతో వాయించే జంట డ్రమ్ములవి, పక్కన కౌబెల్ అనే గంట ఉంటుంది. వెనక వరసలో ఉండే ఆ వాద్యాన్ని టిటో ప్యూంటే వేదిక ముందుకు తెచ్చి నిలబడి వాయించాడు. అలాంటిదాన్ని డప్పు చేసి పారేశారు. డప్పు నాకు తక్కువని కాదు. డప్పు డప్పే, అది ఇది కాదు. ఆ ఎడిటర్ ఇప్పుడు లేడు, ఆ కోపం మాత్రం నాతోనే ఉంది. నీ వ్యాసంలో ఎవరైనా ఇలా చెయ్యి పెడితే వెనక్కి తీసుకో.

ఇక లైబ్రరీలో చూసిన సినిమా. బ్యూనా విస్టా సోషల్ క్లబ్ అనే రికార్డు చేసిన క్యూబా పెద్దవాళ్ళ మీద విమ్ వెండర్స్ 1999లో తీసింది. గాయకుడు ఇబ్రహీం ఫెర్రర్ బూట్లు పాలిష్ చేసుకుని బతికాడని ఒక పేజీ ఏడ్చావు. అందరూ అక్కడే ఏడుస్తారు, ఎడిటర్లకూ అదే ముద్దు. అసలు ఆ రికార్డు ఎలా పుట్టిందో రాశావా? 1996లో హవానాలోని ఎగ్రెమ్ స్టూడియోకు మాలి దేశం నుంచి వాయిద్యగాళ్ళు రావాలి. వాళ్ళు రాలేకపోయారు. బుక్ చేసిన స్టూడియో ఖాళీగా పోతుందని, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళను పోగేశారు. రూబెన్ గొన్జాలెస్‌కు అప్పటికి ఇంట్లో పియానో కూడా లేదు. పొద్దున్నే స్టూడియో తలుపు తీసేసరికి గుమ్మంలో ఉండేవాడట. సినిమాలో జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల మధ్య ఆయన పియానో వాయిస్తాడు చూడు, ఆ సీనులో నువ్వు ఆయన ముసలితనం చూశావు. ఎడమ చెయ్యి ఏం చేస్తోందో చూడలేదు.

దొరికితే అవర్ లాటిన్ థింగ్ కూడా చూడు. 1971 ఆగస్టు 26న మాన్‌హట్టన్‌లోని చీతా క్లబ్బులో ఫానియా ఆల్ స్టార్స్ అనే సల్సా బృందం ఇచ్చిన కచేరీ అది, మరుసటేడు సినిమాగా వచ్చింది. దర్శకుడు లియోన్ గాస్ట్ కెమెరాను వేదిక దగ్గరే కట్టేసుకోలేదు, న్యూయార్క్ వీధుల్లోకి తీసుకుపోయాడు. నీ వ్యాసంలో పార్కు గేటు దాటాక మనుషులే లేరు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఇంకేవో కూడా అడిగావు. అవన్నీ తర్వాత.

మొదటి రెండు పేజీలూ తీసెయ్. పార్కు కచేరీకి మళ్ళీ వెళ్ళు, కాంగా వాయించే మనిషికి దగ్గరగా నిలబడు, ఫోన్ సంచిలో పెట్టు. తిరగరాసి పంపేటప్పుడు పీడీఎఫ్ వద్దు, నా ఫోన్లో అక్షరాలు చీమల్లా కనబడుతున్నాయి. మెయిల్లోనే పేస్ట్ చెయ్.

ఆశీస్సులతో,
మాస్టారు