టెక్ సందేహాలు: ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఆటోమేటిక్ గేర్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. 2018 మోడల్ టయోటా ఫార్చ్యూనర్ ఆటోమేటిక్ ఫోర్‌వీల్ డ్రైవ్ వాడుతున్నాం. 90 వేల కిలోమీటర్లు దాటింది. పొలం బాటల్లో, కాలువ కట్టల మీద బురదలో తిరుగుతుంది. తరచుగా శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను జీవితాంతం మార్చనక్కర్లేదని కొందరు, వెంటనే మార్చాలని కొందరు చెబుతున్నారు. ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. ఇదీ చేసుకోవచ్చా? దీనికి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా కనబడటం లేదు.

జవాబు: మార్చాలి. ఇంజిన్ ఆయిల్ మార్చిన చేయి ఉన్నవారు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు కూడా. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఏటీఎఫ్ అనే ఈ ఆయిల్ కందెనగా పనిచేయడంతో పాటు, లోపలి క్లచ్‌లను ఒత్తిడితో నొక్కి పట్టి గేర్లు మారుస్తుంది, పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకుపోతుంది. మన్ననూరు దాటి నల్లమలలో మెల్లగా ఎక్కుతున్నప్పుడూ, బురదలో చక్రాలు తిరుగుతూ బండి కదలనప్పుడూ ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో జారుడు ఎక్కువై ఆయిల్ బాగా వేడెక్కుతుంది. అతివేడిలో ఆయిల్ గుణం త్వరగా చెడుతుంది. జీవితాంతం మార్చనక్కర్లేదన్న మాట తేలికపాటి వాడకానికి సరిపోవచ్చు గానీ, మీ వాడకానికి సరిపోదు. ఇలాంటి బండ్లకు 60 వేల నుంచి 80 వేల కిలోమీటర్ల మధ్య మార్చడం అనుభవమున్న మెకానిక్‌ల పద్ధతి.

మీ బండికి కావలసింది టయోటా ఏటీఎఫ్ డబ్ల్యూఎస్. పాత టయోటాల్లో వాడిన టీ-4 కూడా ఎర్రగానే ఉంటుంది, కానీ దీనికంటే చిక్కన. ఒకదాని బదులు మరొకటి పోయకూడదు. ఫోర్డ్ ఎండీవర్ ఉన్నవారికీ ఇదే హెచ్చరిక: ఆరు గేర్ల పెట్టెకు మెర్కాన్ ఎల్‌వీ, పది గేర్ల పెట్టెకు మెర్కాన్ యూఎల్‌వీ. రంగు చూసి, లేదా దుకాణదారు ‘అన్ని బండ్లకూ పనికొస్తుంది’ అన్నాడని కొనకండి.

పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆయిల్ పోసే పక్క బోల్టును విప్పి చూడాలి. అది బిగుసుకుపోయి రాకపోతే అక్కడితో ఆపవచ్చు. కింది డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ దించేశాక పైది రాకపోతే బండి వాకిట్లోనే నిలిచిపోతుంది. దిగిన ఆయిల్‌ను కొలతలున్న డబ్బాలో పట్టి, ఎంత దిగిందో రాసుకుని, అంతే కొత్తది పోయాలి. వేడి మీద దించిన నాలుగు లీటర్లు చల్లారాక సుమారు వంద మిల్లీలీటర్లు తగ్గుతాయి కనుక రెండింటినీ చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

ఒకసారి దించితే ఆయిల్ మొత్తం రాదు, ఎందుకంటే చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. పెట్టెలో 10 లీటర్లు ఉండి 4 లీటర్లు దిగుతాయనుకుంటే, మొదటిసారికి పాతది 60 శాతం, రెండోసారికి 36 శాతం, మూడోసారికి 22 శాతం మిగులుతుంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, ఇలా రెండు మూడు విడతల్లో మార్చడమే నా సలహా. ఎన్నడూ ఆయిల్ మార్చని పాత గేర్‌బాక్స్‌ను ఒత్తిడితో కడిగే యంత్రానికి అప్పగించడం నాకు సమ్మతం కాదు. గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే పాన్‌ను కూడా దించి ఫిల్టర్ చూసేవారు అడుగున ఉన్న అయస్కాంతాలను గమనించాలి. వాటి మీద తడిపిన విభూతిలా మెత్తని బూడిదరంగు ముద్ద ఉంటే అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే లోహపు పొరకలు కనబడితే మాత్రం ఆయిల్ మార్పుతో సరిపెట్టకుండా గేర్‌బాక్స్ తెలిసిన మెకానిక్‌కు చూపించండి.

అసలు కష్టం మట్టం చూడటంలో ఉంది. డిప్‌స్టిక్ లేని ఈ పెట్టెకు పాన్ అడుగున, ఎక్కువైన ఆయిల్ బయటికి కారే ఓవర్‌ఫ్లో బోల్టు ఉంటుంది. కొత్త ఆయిల్ పోశాక ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కిపట్టి, ప్రతి గేర్ స్థానంలో కొన్ని క్షణాలు ఉంచుతూ డీ (డ్రైవ్) దాకా వెళ్లి మళ్లీ పీ (పార్క్) స్థానానికి రావాలి. ఆయిల్ వేడి నిర్దేశిత హద్దులోకి రాగానే, ఇంజిన్ నడుస్తుండగానే, ఆ బోల్టు విప్పాలి. ధారగా వస్తే సన్నగిల్లి చుక్కలయ్యేదాకా వదిలి, కొత్త వాషర్‌తో బిగించాలి. ఏమీ రాకపోతే చుక్కలు మొదలయ్యేదాకా పక్క నుంచి పోయాలి. అల్యూమినియం మరలు సులువుగా పాడవుతాయి కనుక బలం కొద్దీ బిగించవద్దు.

ఆ హద్దు చాలా గేర్‌బాక్సుల్లో 35 నుంచి 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మీ మోడల్‌కు కచ్చితమైన అంకెను రిపేర్ మాన్యువల్‌లో చూసుకోండి. ఆయిల్ వేడికి ఉబ్బుతుంది కనుక, హద్దు దాటాక చూస్తే ఎక్కువ కారిపోయి, చల్లారాక లోపల తక్కువ పడుతుంది. పంపు గాలి పీల్చి క్లచ్‌లు జారతాయి. మరీ చల్లగా చూస్తే ఎక్కువై నురగ కడుతుంది. మే నెలలో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మధ్యాహ్నం ఇంజిన్ వేయకముందే ఆయిల్ 45 డిగ్రీల దగ్గర ఉండవచ్చు! అందుకే ఎండాకాలంలో రాత్రంతా బండిని నిలిపి, తెల్లవారుజామున ఈ పని పెట్టుకోండి. బండి కూడా సమతలంగా ఉండాలి. ఫార్చ్యూనర్ కిందికి జాకీ వేయకుండానే దూరవచ్చు కాబట్టి ఎత్తకపోవడమే మేలు. సిమెంటు గచ్చు మీద నిలిపి తాపీమేస్త్రీ రసమట్టంతో నేలను ముందూ వెనకా, అడ్డంగా చూసుకోండి. ఎత్తక తప్పకపోతే నాలుగు మూలలూ ఒకే ఎత్తులో స్టాండ్ల మీద ఉండాలి. ఒంటి జాకీని నమ్మి కిందికి వెళ్లవద్దు.

ఫోర్‌వీల్ డ్రైవ్‌కు ఒక ప్రమాదం ప్రత్యేకం. గేర్‌బాక్స్ నుంచి శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే గేర్ పీలో ఉన్నా చక్రాలకు పట్టు ఉండదు, బండి దొర్లిపోతుంది. దాన్ని హెచ్2లో (వెనక చక్రాలకే శక్తి వెళ్లే స్థానంలో) ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, స్టీరింగ్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ, ఇరుసుల మధ్య ఉండే ముందూ వెనకా డిఫరెన్షియల్‌లకూ వేర్వేరు ఆయిళ్లు ఉంటాయి. ఏటీఎఫ్ మారిస్తే అవి మారినట్టు కాదు. బురదలో, నీళ్లలో తిరిగే బండికి వాటినీ చూడాలి.

దించిన ఆయిల్‌ను చెదలు పట్టకుండా గుంజలకు పూయడం మన ఊళ్లలో అలవాటు. అది నేలలోకి, బోరు నీళ్లలోకి దిగుతుంది. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

ప్రశ్న: జడ్చర్లలో ఉంటాను. బండి కంప్యూటర్ వివరాలను ఫోన్‌కు పంపే ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ కొన్నాను. ఫోన్ యాప్‌లో ఇంజిన్ వేడి కనబడుతోంది, గేర్ ఆయిల్ వేడి కనబడటం లేదు. అడాప్టర్ నకిలీదా?

జవాబు: ఇంజిన్ వేడి కనబడుతోందంటే అడాప్టర్ పనిచేస్తున్నట్టే. గేర్ ఆయిల్ వేడిని చాలా కంపెనీలు తమ సొంత కోడ్‌లలో పంపుతాయి. కార్ స్కానర్ వంటి యాప్‌లో కనెక్షన్ ప్రొఫైల్‌ను మీ బండి కంపెనీ, మోడల్‌కు మార్చి, సెన్సర్ల జాబితాలో మళ్లీ వెతకండి. అయినా దొరకకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పాన్ వేడి చూడవచ్చు, కానీ మెరిసే అల్యూమినియం మీద అది అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. పాన్‌ను తుడిచి, నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, దాని మీదే గురిపెట్టండి. లోపలి ఆయిల్ వేడికీ దానికీ కొద్దిగా తేడా ఉంటుంది కనుక పై జవాబులో చెప్పిన వేడి హద్దు చివరిదాకా ఆగకుండా మధ్యలోనే ఓవర్‌ఫ్లో బోల్టు విప్పండి.