సరిగమల సందేహాలు: జార్జియా పిల్లల పాట

పోయిన నెల ఒక జవాబులో, మాటల మధ్యలో, జార్జియా దేశపు పిల్లల పాటలను మెచ్చుకుంటూ ఒక్క వాక్యం రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు గమకాల మీద నేను రాసిన నాలుగు పేజీలకు కూడా రాలేదు. కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం ఆ పిల్లలకే.

మాస్టారూ, మా అమ్మాయి జార్జియా రాజధాని టిబిలిసిలో వైద్య విద్య చదువుతోంది. 2025 డిసెంబరులో ఫోను చేసి, ఊళ్లో ఏదో అంతర్జాతీయ పిల్లల పాటల పోటీ జరుగుతోందని, ఆ దేశం వాళ్లకు అదంటే ప్రాణమని చెప్పింది. పిల్లల పోటీకి అంత పట్టింపు ఏమిటి? – ఒక తల్లి, ఏలూరు

అమ్మా, ముందుగా మిగతా పాఠకుల కోసం ఒక మాట. ఇది మన వాళ్లు ఉద్యోగాలు చేస్తున్న అట్లాంటా ఉన్న జార్జియా కాదు. నల్ల సముద్రం ఒడ్డున, కాకసస్ కొండల కింద ఉన్న దేశం. జనాభా నలభై లక్షల లోపే.

ఆ పోటీ పేరు జూనియర్ యూరోవిజన్. యూరప్‌లో పెద్దలు పాడే యూరోవిజన్ పాటల పోటీకి పిల్లల రూపం. 2003లో కోపెన్‌హేగెన్‌లో మొదలైంది. యూరప్ దేశాల ప్రసార సంస్థల సంఘం నడుపుతుంది. దేశానికి ఒక పాట, మూడు నిమిషాలకు మించకూడదు. ఇప్పటి నిబంధన ప్రకారం పాడే పిల్లలకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లు ఉండాలి. పాటలో ఎక్కువ భాగం ఆ దేశ భాషలో సాగాలి, కొంత ఇంగ్లీషు కలుపుకోవచ్చు. పిల్లలు అక్కడికక్కడే గొంతెత్తి పాడాలి, ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపితే కుదరదు.

పెద్దల యూరోవిజన్‌లోనూ, పిల్లల దానిలోనూ జార్జియా అడుగుపెట్టింది ఒకే ఏడాది, 2007లో. పెద్దల పోటీలో ఆ దేశం ఇంతవరకు గెలవలేదు. 2010లోనూ 2011లోనూ తొమ్మిదో స్థానం వచ్చింది, అదే వాళ్ల గరిష్ఠం. పిల్లల పోటీలో మాత్రం 2008, 2011, 2016, 2024 సంవత్సరాల్లో గెలిచింది. నాలుగు సార్లు గెలిచిన మొదటి దేశం అదే. మొన్న మీ అమ్మాయి చెప్పిన పోటీలో ఫ్రాన్స్ గెలిచి ఆ లెక్కను అందుకుంది. చేరిన నాటి నుంచి జార్జియా ఒక్క ఏడాది కూడా మానలేదు. పెద్దలకు దక్కని మొదటి బహుమతిని ఇంటికి పట్టుకొచ్చేది పదేళ్ల పిల్లలైతే, ఆ ఊరికి అదంటే ప్రాణం కాక ఏమవుతుంది!

మీరు మెచ్చుకున్న దేశం 2008లో గెలిచిన పాట విన్నాను. అందులో ఒక్క మాటకు కూడా అర్థం లేదు. ముగ్గురు పిల్లలు తేనెటీగల వేషం వేసుకుని జుమ్ముమంటారు. దానికి ప్రథమ బహుమతా? సాహిత్యం లేని పాటను మీరు ఎలా సమర్థిస్తారు? – విశ్రాంత తెలుగు పండితులు, రాజమహేంద్రవరం

పండితుల వారికి నమస్కారం. మీ కోపం నాకు తెలుసు, కానీ ఈ కేసులో నేను పిల్లల వైపు వకీలును.

ఆ బృందం పేరు బ్జికెబి, పాట పేరు ‘బ్జ్’. సైప్రస్‌లోని లిమసోల్ నగరంలో 15 దేశాల మధ్య 154 పాయింట్లతో గెలిచింది. రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్‌కు 135. మీరన్నట్టు అందులో ఏ భాషా లేదు, పిల్లలు కల్పించుకున్న తేనెటీగల భాష తప్ప. కానీ దాని ముందు ఏడాది జార్జియా పంపిన మొట్టమొదటి పాట పేరు గమనించారా? ‘ఒదెలియ రనుని’. నాలుగో స్థానం తెచ్చుకుంది. ఒదెల, దెలియ, రని, నన – ఇవి జార్జియా జానపదుల నోట తరతరాలుగా ఆడుతున్న ఊత పదాలు. పొలం పాటలోనూ, విందు పాటలోనూ చరణానికి చరణం ఇవే నిండి ఉంటాయి. నిఘంటువులో వెతికితే దొరకవు. మన తందనాన మాత్రం ఏ నిఘంటువు లోంచి వచ్చింది? పడవ లాగేవాడి హైలెస్సాకు ప్రతిపదార్థం చెప్పమంటే మీరైనా ఏం చెబుతారు? గొంతును నిలబెట్టడానికి, పదిమందినీ ఒక లయకు తేవడానికి పుట్టిన శబ్దాలవి. అలాంటి శబ్దాల మీద పెరిగిన పిల్లలకు అర్థం లేని పాట పాడడం కొత్త కాదు, చోద్యమూ కాదు.

అసలు సంగతి వేరే ఉంది. ‘బ్జ్’ను వేషాలు చూడకుండా, కళ్లు మూసుకుని మరొకసారి వినండి. మూడు గొంతులూ ఒకే స్వరం మీద నడవవు. ఒకటి అల్లరిగా ముందుకు పోతుంటే మిగిలినవి వేరే చోట నిలబడి దాన్ని పట్టుకుంటాయి. ఇది జార్జియా వాళ్ల పాత విద్య. అక్కడి జానపద సంగీతం ప్రధానంగా మూడు గొంతుల సంగీతం. తూర్పున కఖేతి ప్రాంతంలో మంద్ర స్థాయిలో ఒక గుంపు ఒకే స్వరాన్ని పొడుగ్గా పట్టుకుంటుంది. దాని మీద ఇద్దరు గాయకులు సంగతులు వేసుకుంటూ ఎదురెదురుగా నడుస్తారు. పశ్చిమాన గురియాలో అలా కాదు, మూడు గొంతులూ మూడు దారుల్లో పరుగెత్తుతాయి. పై గొంతు మగవాడిదే అయినా, విరిగి విరిగి, కోడి కూతంత ఎత్తుకు పోతుంది. దాన్ని వాళ్లు క్రిమంచులి అంటారు. పక్కపక్క స్వరాలను ఒకేసారి పలికిస్తారు కాబట్టి కర్ణాటక సంగీతానికి అలవాటు పడిన నా చెవికి మొదట్లో శ్రుతి తప్పినట్టే తోచింది. తప్పలేదు. ఆ రాపిడి వాళ్లు కోరి తెచ్చుకున్నది.

ఈ గానాన్ని యునెస్కో 2001లోనే మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది. 1977లో అంతరిక్షంలోకి వెళ్లిన వాయేజర్ నౌకల్లోని బంగారు రికార్డులో ‘చక్రులో’ అనే కఖేతి పాట ఉంది. అదే రికార్డులో మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉందని మీకు గుర్తు చేస్తే కొంచెం శాంతిస్తారేమో.

సాహిత్యమే కావాలంటే 2016 పాట వినండి. ‘మ్జెఓ’. సూర్యుణ్ణి పిలుస్తూ పదకొండేళ్ల మరియమ్ మమదష్విలి మాల్టా రాజధాని వలెట్టాలో పాడింది. పూర్తిగా పెద్దరికపు పాట. నిదానంగా మొదలై, చివరకు వచ్చేసరికి ఆ చిన్న గొంతు వాద్య బృందం మొత్తాన్నీ దాటుకుని పైకి లేస్తుంది. ఆ ఏడాది ప్రేక్షకుల ఓట్లు లేవు. పెద్దల న్యాయనిర్ణేతలూ, పిల్లల న్యాయనిర్ణేతలూ మాత్రమే మార్కులు వేశారు. 239 పాయింట్లతో ఆమె గెలిచింది. మీకు ఇది నచ్చుతుంది. నాకు మాత్రం, చనువు కొద్దీ చెబుతున్నాను, ఇప్పటికీ తేనెటీగలే ఇష్టం.

ఈ పాటలు నిజంగా పిల్లలే రాస్తారా? – సంగీతం నేర్పే టీచరు, వరంగల్

మొదట్లో పిల్లలే రాయాలన్నది నియమం. 2008 నుంచి పెద్దలు సాయపడవచ్చని సడలించారు. జార్జియా విషయంలో ఒక పెద్దాయన పేరు పదే పదే కనిపిస్తుంది – గిగా కుఖియానిద్జె. తేనెటీగల పాట, 2011లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో అయిదుగురు ఆడపిల్లల బృందం ‘కాండీ’ గెలిచిన పాట, ‘మ్జెఓ’ – వీటి వెనక ఉన్నది ఆయనే. బ్జికెబి పేరుతోనే పిల్లల స్టూడియో నడిచింది.

మీలాంటి టీచర్లు గమనించవలసింది ఇక్కడే ఉంది. చాలా దేశాలు ఏటా కొత్త పిల్లను, కొత్త రచయితను వెతుక్కుంటాయి. పోటీ అయ్యాక ఎవరి దారి వారిది. జార్జియాలో పిల్లలు ముందు బృందంలో పాడతారు. పక్కవాడి గొంతు విని తన గొంతు సర్దుకోవడం నేర్చుకున్నాకే ఒంటరిగా మైకు పట్టుకుంటారు. ఇది యూరోవిజన్ కోసం పెట్టిన పద్ధతి కాదు. సోవియట్ రోజుల్లోనే టిబిలిసిలో ‘మ్జియురి’ అనే బాలికల బృందం ఉండేది. తర్వాత పెద్ద గాయని అయిన తమారా గ్వెర్ద్‌సితెలి అందులో పాడి పెరిగిందే. అబ్బాయిల జానపద బృందం ‘మర్త్వె’ను అన్జోర్ ఎర్కొమైష్విలి స్థాపించాడు. ఇటీవలి ఏళ్లలో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ‘రనీనా’ అనే కార్యక్రమంలో పిల్లల్ని వారాల తరబడి పాడించి ఎంపిక చేస్తోంది.

పిల్లల పాటల పోటీలకు నేనూ చాలా ఏళ్లు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ఎనిమిదేళ్ల పాప విరహ గీతం అందుకుంటుంది, సభ చప్పట్లు కొడుతుంది, నాకు మార్కులు వేయడానికి చెయ్యి రాదు. ఆ పాపది తప్పు కాదు. ఆ వయసుకు తగిన కొత్త పాట ఎవరూ రాసి ఇవ్వలేదు. జార్జియా వాళ్లకు ఏటా ఒకటి రాసి ఇచ్చేవాళ్లున్నారు. అండ్రియా పుత్కరాద్జె 2024లో మాడ్రిడ్‌లో గెలిచిన పాట ఆ అబ్బాయి వాళ్లమ్మ కోసం పాడినది. పిల్లవాడు పాడవలసిన సంగతి కాదా అది?

రష్యా, జార్జియా యుద్ధం చేసుకున్నాయి కదా. ఒకే వేదిక మీద పిల్లలు ఎలా పాడారు? – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

పాడారు నాయనా. 2008 ఆగస్టులో యుద్ధం, నవంబరులో లిమసోల్ పోటీ. రెండు దేశాల పిల్లలూ వచ్చారు, జార్జియా గెలిచింది. అంతకన్నా చిత్రం 2017లో జరిగింది. ఈ పోటీలో గెలిచిన దేశమే మరుసటి ఏడు ఆతిథ్యం ఇవ్వాలన్న కట్టుబాటు లేదు, అందుకే మొదటి రెండు విజయాల తర్వాత జార్జియాకు పోటీ రాలేదు. మూడోసారి గెలిచాక టిబిలిసిలోని ఒలింపిక్ ప్యాలెస్‌లో పెట్టారు. లెక్కలు తేలేసరికి జార్జియా అబ్బాయి గ్రిగోల్ కిప్షిద్జెకు 185, రష్యా అమ్మాయి పోలినా బొగుసేవిచ్‌కు 188. సొంత ఊళ్లో, మూడు పాయింట్ల తేడాతో, అదీ రష్యా చేతిలో! ఓడిన ఇంట్లోనే బహుమతి అందించవలసి వచ్చింది, అందించారు. 2022లో ఉక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యాకు ఈ పోటీలలో చోటు లేకుండా పోయింది.

చిన్న పిల్లల్ని అన్ని కోట్ల మంది ముందు నిలబెట్టి గెలుపోటములు తేల్చడం పాపం కాదా? – ఇద్దరు పిల్లల తల్లి, నిజామాబాద్

ఈ ప్రశ్న వేసింది మీరొక్కరే కాదు. ఈ పోటీకి విత్తనం వేసింది డెన్మార్క్. 2000లో అక్కడి ప్రసార సంస్థ మొదలుపెట్టిన పిల్లల పాటల కార్యక్రమమే పెరిగి యూరప్ పోటీ అయింది. ఆ డెన్మార్కే, నార్వేతో కలిసి, పిల్లల మీద ఒత్తిడి మితిమీరుతోందని 2006లో బయటికి నడిచింది. వాళ్లు తమ ప్రాంతపు దేశాల వరకు చిన్న పోటీ పెట్టుకున్నారు.

నిర్వాహకులు కొంత దిద్దుకున్నారు. 2005 నుంచి 2015 వరకు ప్రతి పాటకూ ముందే 12 పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టేవారు, ఏ పిల్లా సున్నాతో ఇంటికి పోకూడదని. పరీక్ష పేపరు మీద అలా వేస్తే మనం నవ్వుతాం, కానీ నాకు ఇది మంచి ఆలోచనే అనిపించింది. అయినా మార్కుల పట్టిక తెర మీద కదులుతున్నప్పుడు ఆ పిల్లల ముఖాలను కెమెరా దగ్గరగా చూపించడం నాకు నచ్చదు. ఆ అరగంట నేను టీవీ శబ్దం తగ్గించి వేరే పని చూసుకుంటాను. జార్జియాను ఇంత పొగిడినా, అక్కడి పిల్లలు దీనికి అతీతులని చెప్పను. నాలుగు సార్లు గెలిచిన దేశంలో ఎనిమిదో స్థానం తెచ్చుకున్న పిల్లకు ఇంటికి వెళ్లడం ఇంకా కష్టం.

మీకూ ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి ఒక మాట: పోటీకి పంపండి, కానీ ఒంటరిగా కాకుండా బృందంలో పంపండి. ఓడినా, పంచుకోవడానికి పక్కన నలుగురుంటారు.

గుంటూరులో కూర్చుని మేము ఓటు వేయవచ్చా? మన దేశం ఎప్పుడు పాడుతుంది? – తొమ్మిదో తరగతి విద్యార్థిని

వేయవచ్చు తల్లీ. 2017 నుంచి ఓటింగు ఇంటర్నెట్‌లోనే, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా. పోటీ ముందు కొన్నాళ్లు, పాటలన్నీ అయ్యాక కొద్ది నిమిషాలు అవకాశం ఇస్తారు. కనీసం మూడు దేశాలను ఎంచుకోవాలి. ఇక్కడొక చమత్కారం ఉంది – ఎవరి సొంత దేశానికి వాళ్లు కూడా ఓటు వేసుకోవచ్చు. కానీ మూడు ఎంచాలి కాబట్టి మిగతా రెండు ఓట్లయినా పరాయి పిల్లలకు పోతాయి. న్యాయనిర్ణేతల మార్కులు సగం, ఈ ఓట్లు సగం.

మన దేశం ఇంతవరకు పాడలేదు. యూరప్‌కు దూరంగా ఉన్న ఆస్ట్రేలియాను, కజకిస్తాన్‌ను పిలిచి పాడించారు కనుక దారి మూసుకుపోయిందని అనలేను. పిలుపు వచ్చిన రోజున పంపడానికి పిల్లల కోసం రాసిన కొత్త పాట మన దగ్గర ఉండాలి కదా. నువ్వు కవిత్వం రాస్తానని ఉత్తరం చివర రాశావు. రెండు చరణాలు రాసి పంపు, వరస నేను కడతాను.

వచ్చే నెల: వీణ మెట్ల గురించి, మైనం గురించి వచ్చిన ప్రశ్నలు.