విల్లు కొనబోయే మేనకోడలికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు విల్లు కొంటుందట, వచ్చే ఏడు జింకల వేటకి కూడా వెళ్తుందట, ఇదంతా నీ పోలికే" అని గంటసేపు కోప్పడింది. నా పోలిక అన్నందుకు లోలోపల పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు చూసుకున్నది 50 పౌండ్ల బలంతో లాగాల్సిన లాంగ్ బో, అంటే పొడవాటి సాదా విల్లు అట. ఇంకా డబ్బు కట్టలేదు కదా? కట్టకు.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను. పెన్సిల్వేనియాలో మొదటిసారి వేట లైసెన్స్ తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు తప్పనిసరి, ఈ చలికాలంలోనే చేసెయ్. విల్లుకి తాడు ఎక్కించడానికి స్ట్రింగర్ అనే సాధనం వాడు, కాళ్ల మధ్య పెట్టి వంచితే లింబ్, అంటే వంగే కొమ్మ, మెలి తిరుగుతుంది. బాణం పెట్టకుండా తాడు లాగి వదలకు, విల్లు విరిగి ముఖానికి తగలొచ్చు. గురి చూడడంలో నీ ఏ కన్ను బలమైనదో చూపించుకో. కుడిచేత్తో రాసినంత మాత్రాన కుడిచేతి విల్లే నప్పుతుందని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. విల్లు మీద రాసే పౌండ్లు తాడు 28 అంగుళాలు లాగినప్పుడు పట్టే బలం లెక్క. నువ్వు మీ అమ్మ అంత ఎత్తే కాబట్టి 25, 25న్నర కంటే ఎక్కువ లాగలేవు. ఒక్కో అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్లు తగ్గుతాయి. 40 అని రాసి ఉన్నది నీ వేళ్ల మీద 34 దగ్గర ఆగుతుంది. జింక వేటకి అక్కడి రూలు కనీసం 35. అందుకని మొదటే పెద్దది కొనేద్దామనిపిస్తుంది. నేను చేసిన పని అదే.

ఈ దేశం వచ్చిన మూడో ఏడు, షాపులో ఒక పాత లాంగ్ బో చూసి మనసు పారేసుకున్నాను. 55 పౌండ్లు. అమ్మినాయన నా చెయ్యి కొలవలేదు, ఒక్కసారి లాగించి కూడా చూడలేదు. లాగగలిగాను కదా అని నాకు గర్వం. లాగడం వేరు, లాగి చెక్కిలి దగ్గర నిలపడం వేరు. నా వేలు పెదవి మూలకి తగిలీ తగలకముందే తాడు జారిపోయేది. నిలపలేక వదిలేస్తున్నానని నాకు తెలియలేదు, అదే నా స్టైల్ అనుకున్నాను. బాణాలు ఎప్పుడూ ఎడమకి పోతుంటే బాణాల్ని తిట్టాను.

నవంబర్‌లో ఒక సాయంత్రం ఇరవై గజాల్లో ఆడ జింక పక్కకి తిరిగి నిలబడింది. వదిలాను. గుండె దగ్గర తగలాల్సిన బాణం వెనక పొట్టలో దిగింది. అలాంటప్పుడు గంటల తరబడి, అవసరమైతే తెల్లారేదాకా, కదలకుండా ఆగాలి. జింక దగ్గర్లోనే పడుకుంటుంది. నేను అరగంటకే మంచె దిగి వెంటపడ్డాను. ఎండిన మేపుల్ ఆకు మీద ఒకే ఒక చుక్క రక్తం, దాని పక్కన నమిలిన గడ్డి లాంటి పచ్చటి మరక. ఆ ఆకు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ముందు పొదలో అది లేచిన చప్పుడు విన్నాను. తర్వాత వాన మొదలైంది. రాత్రి పన్నెండు దాకా టార్చి పట్టుకుని తిరిగాను, మర్నాడు సెలవు పెట్టి తిరిగాను. దొరకలేదు. నా గొప్ప కోసం అది ఏ పొదలోనో ఎంతసేపు బాధపడిందో. మూడేళ్లు విల్లు ముట్టుకోలేదు. భుజం నొప్పి కూడా ఆ విల్లు ఇచ్చిందే, ఇప్పటికీ చలికి మేలుకుంటుంది.

చింతూరు దగ్గర మీ తాతయ్య బడిపంతులుగా ఉన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు. పక్కన ఒక కోయ తాత ఉండేవాడు. ఆయన విల్లు కావాలని ఏడిస్తే ఇవ్వలేదు. నన్ను చేతులు చాచి నిలబడమని, జానతో కొలిచి, నా కొలతకి వెదురు చీల్చి చిన్న విల్లు చేసిచ్చాడు. నెలల తరబడి అరటి బోదె మీద కొట్టాను. అంత తెలిసినవాణ్ణి, అమెరికా వచ్చి ఎలా మరిచానో తల్లీ.

కాబట్టి విడదీసే రకం రికర్వ్, అంటే కొసలు ముందుకి వంపు తిరిగిన విల్లు, కొను, 62 అంగుళాలది. లింబ్స్ మార్చుకోవచ్చు. మొదట 25 పౌండ్ల జత, ఏడాదంతా టార్గెట్ మీదే. చెక్కిలి దగ్గర అయిదు సెకన్లు వణకకుండా నిలపగలిగితే 30, తర్వాత 35, చివరికి 45. వేటకి వచ్చే ఏడు కుదరకపోతే ఆ పై ఏడు వెళ్దువుగాని, జింకలు ఎక్కడికీ పోవు. లింబ్స్ మారినప్పుడల్లా బాణాల గట్టిదనం కూడా మార్చుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకో. మెత్తని విల్లుకి మరీ గట్టి బాణం పెడితే నువ్వెంత బాగా వదిలినా పక్కకే పోతుంది. వేట బాణం మాత్రం బరువుగా ఉండాలి, విల్లు పౌండుకి పది గ్రెయిన్ల (బాణం బరువు తూచే చిన్న కొలత) లెక్కన.

నా పాత 25 పౌండ్ల లింబ్స్ అటకమీద ఉన్నాయి. పగుళ్లు ఉన్నాయేమోనని దూది రుద్ది చూశాను, ఎక్కడా పట్టలేదు. తాడు కొత్తది వేయిస్తాను. నువ్వు రైజర్, అంటే లింబ్స్ బిగించే మధ్య పిడి, కొనే ముందు ఒక పని చెయ్. గోడకి ఆనుకుని రెండు చేతులూ బారగా చాచి నిలబడు, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ కొసకి ఎంతుందో మీ అమ్మతోనే కొలిపించు. ఆ అంగుళాల్ని రెండున్నరతో భాగించు. వచ్చిన అంకె, అంటే సుమారుగా నువ్వు తాడు లాగే పొడవు, నాకు రేపు రాత్రిలోగా మెసేజ్ పెట్టు.

మీ మామయ్య