ఆ సిస్టమ్స్ ఇంకా నెట్‌కు కలపకు

చి.సౌ. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

తెనాలిలో నెట్ సెంటరు, డీటీపీ కలిపి పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగం మానేసి మరీ దిగుతున్నావంటే గుండె గలదానివే, మన వంశంలో ఆ తెగువ ఆడపిల్లలకే వచ్చింది. కానీ సెకండ్ హ్యాండ్ సిస్టమ్స్ కొన్నావని, సాఫ్ట్‌వేర్లన్నీ వాళ్లే వేసిచ్చారని సంబరపడుతున్నావని విన్నాక కుదురుగా కూర్చోలేకపోయాను. ఎవరు వేశారు? ఎక్కడి నుంచి తెచ్చి వేశారు? అడిగావా?

యాంటీవైరస్ ఆపకు, అప్‌డేట్లు వాయిదా వేయకు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, 11 నడిచే మిషన్లే ఉంచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది మీ నాన్న సంగతి. వాడు చెప్పి ఉండడు. మేమిద్దరం షాపు నడిపే రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖల పని ముంచుకొచ్చింది. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కొనడం దండగని ఎవరో ఇచ్చిన క్రాక్, అంటే లైసెన్సు లేకుండా నడిచేలా తాళం విరగ్గొట్టిన కాపీ, వేశాడు. దానితోపాటే నోట్‌ప్యాడ్ ఫైల్లో ఒక ముక్క ఉంది: వేసే ముందు యాంటీవైరస్ ఆపండి అని. నేను వద్దంటూనే ఉన్నాను, ఆపేశాడు. ఫాంట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. వాటి చాటున ట్రోజన్, అంటే మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్, కూడా వచ్చింది. అది తనంతట తాను పాకదు, మనం క్లిక్ చేస్తేనే లోపలికి వస్తుంది. వచ్చాక కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనూ ఎవరికో చేరవేస్తుంది. సిస్టమ్ ఆగదు, తెర మీద ఏమీ కనిపించదు. స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టుకున్న పిల్లవాడొకడు వచ్చి, తన మెయిల్ ఎవరో తెరుస్తున్నారని ఏడ్చేదాకా మాకు తెలియలేదు.

అప్పుడు స్కాన్ పెడితే ఒక ఫైలు దొరికింది. దాన్ని డిలీట్ చేసి, పీడ వదిలిందనుకుని, అదే సిస్టమ్ ముందు కూర్చుని మీ నాన్న పాస్‌వర్డ్‌లన్నీ మార్చాడు. కొత్తవీ పోయాయి! దాని తోక టాస్క్ షెడ్యూలర్లో, అంటే విండోస్ పనుల్ని వాటంతటవే మొదలుపెట్టే చోట, మిగిలి ఉంది, ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ లేచింది. నలుగురిలో మాట పడని మనిషి, కస్టమర్ల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. డబ్బు పోయినా నాకు అంత బాధ ఉండేది కాదమ్మా.

అందుకని అనుమానం వస్తే ముందు నెట్ కేబుల్ పీకేయి. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి నక్కి ఉన్నవి కూడా చాలావరకు దొరుకుతాయి. అయినా జనం వాడే మిషన్‌ను అంతటితో నమ్మకు, ఫార్మాట్ చేసి మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన విండోసే ఎక్కించు. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే మిషన్ నుంచి మార్చాలి. అన్ని చోట్లా లాగౌట్ కూడా చేయాలి, లాగిన్‌ను గుర్తుంచుకునే కుకీలు చేతికి చిక్కితే వాళ్లకు పాస్‌వర్డ్‌తో పని లేదు. ఎవరి డబ్బైనా పోతే మొహమాటపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు.

కస్టమర్లకు సాఫ్ట్‌వేర్లు వేసే అధికారమున్న అడ్మిన్ ఖాతా ఇవ్వకు. ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు, అంటే పేరు చివర అది ఏ రకం ఫైలో చెప్పే అక్షరాలు, కనిపించేలా పెట్టు. పెన్‌డ్రైవ్‌లో బయోడేటా పీడీఎఫ్ అని కనిపించేదాని చివర ఈఎక్స్ఈ ఉండవచ్చు, అంటే అది కాగితం కాదు, ప్రోగ్రామ్.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. ఫాంట్ల లైసెన్సు డబ్బు నేను కడతాను. ఇదంతా నేను రాశానని మీ నాన్నతో అనకు.

పెదనాన్న