గీసినందుకు కూలి ఎక్కడ?

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గరి పల్లె. ఇంట్లో తాత కాలం నుంచి ఇక్కత్ నేత. నేను హైదరాబాదులో డిజైన్ కోర్సు చేసి ఊరికే తిరిగి వచ్చాను. నేను కంప్యూటర్ మీద కొత్త డిజైన్లు గీసి ఇస్తే నాన్న, బాబాయి నేస్తారు. నిరుడు ఒక చీర ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. కొద్ది నెలలకే అదే డిజైను ప్రింటు చీరగా మారి, ‘పోచంపల్లి’ పేరుతో, మా ధరలో పదో వంతుకు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చింది. మేము నేసినవి పన్నెండు చీరలే. నాకు ఏ హక్కూ లేదా? ఈ పనితో ఊళ్లోనే బతకగలనా?
(ఒక పాఠకురాలు, యాదాద్రి భువనగిరి జిల్లా)

జవాబు: అమ్మా, మీకు జరిగిన నష్టంలో మూడు వేర్వేరు హక్కులు ఇమిడి ఉన్నాయి. విడదీసి చూస్తే ఒకటి ఊరందరిది, ఒకటి చేజారింది, ఒకటి ఇంకా మీ దగ్గరే ఉంది.

ఊరందరిది పేరు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక సూచిక (జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే) గుర్తింపు ఉంది కనుక, నూలుకే చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారాలను బిగించి కట్టి), రంగులద్ది, ఆ తర్వాత మగ్గమెక్కించి నేసిన బట్టను తప్ప, తయారైన గుడ్డ మీద అచ్చు వేసినదాన్ని ఆ పేరుతో అమ్మడం నేరం. చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఈ ఫిర్యాదు మీ ఒక్కరి పేరిట కన్నా చేనేత సొసైటీ తరఫున వెళ్లడం మేలు. మీ నాన్నగారు ఆ సూచికకు అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే హక్కు ఉన్నవారిగా) నమోదై ఉన్నారో లేదో కూడా చూడండి. ఆ దరఖాస్తు రుసుమును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. కాగితాల కోసం తిరిగే తిరుగుడు మాత్రం అంత చౌక కాదు.

చేజారింది డిజైన్ నమోదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. వ్యక్తులకు రుసుము 1,000 రూపాయలు. అయితే దరఖాస్తు నాటికి ఆ డిజైన్ ఎక్కడా ప్రచురితమై ఉండకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ చూసేలా పెట్టడమంటే ప్రచురించడమే. ఆ ఒక్క చీర విషయంలో ఇక ఆ దారి మూసుకుపోయిందనే అనుకోండి. ఇకముందు దరఖాస్తు చేసిన తర్వాతే ఫొటో పెట్టండి. అంతవరకు తెలిసినవారికైనా కొంగు మూల మాత్రమే చూపండి. పెద్దలు వేసిన పాత పువ్వులనూ మెట్లనూ మీ పేరిట నమోదు చేయించాలని మాత్రం చూడకండి. కొత్తదనం లేదని అది నిలవదు, నిలవకూడదు కూడా.

మీ దగ్గర మిగిలింది మీరు గీసిన బొమ్మ మీది కాపీరైటు. నమోదుకు వీలుండీ నమోదు చేయని డిజైన్‌ను యజమాని గానీ, యజమాని అనుమతితో మరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే కాపీరైటు పోతుందని 1957 నాటి చట్టం చెబుతోంది. మీరు నేయించినవి పన్నెండే. అనుమతి లేకుండా అవతలివాళ్లు వేలకొద్దీ అచ్చు వేసుకున్నా అవి ఆ లెక్కలోకి రావు. కనుక తేదీలతో ఉన్న మూల ఫైళ్లు, గ్రాఫ్ కాగితాలు భద్రపరచి, ఆ అమ్మకపు వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో అది చర్య తీసుకోవాలి. అయితే 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు దాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టవచ్చు. ఇందుకు అవతలివారి రాష్ట్రానికి పోనక్కరలేదు; కాపీరైటు దావాను మీరు నివసించే జిల్లా కోర్టులోనే వేయవచ్చు. పల్లెలో ఉండి పనిచేసేవారికి చట్టం చేసిన నిజమైన మేలు ఇదేనని నా అభిప్రాయం. ముందుగా ఒక న్యాయవాదికి కాగితాలన్నీ చూపించండి.

ఇక బతుకు సంగతి. ఆసు పోసినందుకు (నూలును నేతకు వరుసగా చుట్టినందుకు), చిటికి కట్టినందుకు, నేసినందుకు మన దగ్గర విడివిడిగా కూలి లెక్కలున్నాయి; గీసినందుకు లెక్క లేదు. ఇంట్లోవాళ్లకే గీస్తున్నా చీర ధరలో మీ వాటాను వేరే పద్దుగా రాయండి. ఆ పద్దు ఉంటేనే రేపు బయటి మాస్టర్ వీవర్ (నూలిచ్చి కూలికి నేయించుకునే వ్యాపారి) అడిగినప్పుడు మీ రేటు ఏమిటో మీకు తెలుస్తుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం గీసిన డిజైన్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవారే యజమాని అవుతారు. కనుక ఎన్ని చీరలకు, ఎన్నాళ్లకు ఇస్తున్నారో ముందే రాయించుకోండి. ప్రింటుతో ధరలో పోటీ పడాలని చూడవద్దు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన పోచంపల్లి మీకు దగ్గరే. అక్కడికి వచ్చి, నూలుకు రంగు పట్టే తీరు కళ్లారా చూసినవారికి ప్రింటుకూ నేతకూ తేడా వేరే చెప్పనక్కరలేదు. మీ కొనుగోలుదారులను మొదట వారిలో వెతకండి.

ప్రశ్న: గద్వాలలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. చీరల దుకాణాలకు ఫొటోలు తీసి ఇస్తాను. ఒక దుకాణం నా ఫొటోలను అడగకుండా వేరే ఊళ్లోని హోర్డింగుకు వాడుకుంది. డబ్బు అడగవచ్చా?
(ఒక పాఠకుడు, గద్వాల)

జవాబు: అడగడానికి అభ్యంతరం లేదు గానీ, రాతపూర్వక ఒప్పందం లేకపోతే చట్టం మీ వైపు ఉండదు. ఒకరు పురమాయించి, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. ఇకపై బిల్లు మీదనే ‘ఈ ధర దుకాణం లోపలి వాడకానికి, ఆన్‌లైన్ పేజీకి మాత్రమే, ఫొటోల హక్కు స్టూడియోది, హోర్డింగుకు వేరు’ అని అచ్చు వేయించి, ఫొటోలు ఇవ్వకముందే సంతకం తీసుకోండి. ఎవరూ అడగకుండా మీ అంతట మీరు తీసుకున్న ఫొటోలకు మాత్రం ఈ చిక్కు లేదు, అవి మీవే.