ప్రశ్న–జవాబు: స్టాప్‌లాస్ నిలవాలంటే సైజు తగ్గాలి

ప్రశ్న: క్రిప్టోలో ప్రతి ట్రేడ్‌కీ స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమనే ఆర్డర్) పెడుతున్నాను. ధర దాని దగ్గరికొచ్చేసరికి ‘ఇంకొంచెం చూద్దాం’ అని కిందికి జరిపేస్తున్నాను. ఈ అలవాటు మానేదెలా?

జవాబు: మనసు గట్టి చేసుకోమని చెప్పడం తేలికే. పనిచేయదంతే. ఇలా జరిపేవారిలో చాలామంది కొన్న పరిమాణమే ఎక్కువ. ముందు ఎంత కొనాలో అనుకుని, ఆ తర్వాత స్టాప్ సంగతి చూస్తారు. ఆ వరస తిరగెయ్యండి.

ఖాతాలో 10,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. ఒక ట్రేడ్‌లో పోయినా పర్వాలేదనుకునేది 1 శాతం, అంటే 100 డాలర్లు. కొనే ధర 50. మీ అంచనా తప్పని తేలే ధర 46. తేడా 4. వందను నాలుగుతో భాగిస్తే 25 కాయిన్లు, అంటే 1,250 డాలర్ల పొజిషన్. చార్టు ప్రకారం స్టాప్ 40 దగ్గర పెట్టాల్సి వస్తే 10 కాయిన్లే కొనాలి. పోయేది అప్పుడూ ఆ వందే. ఫీజులు, స్లిప్పేజీ (అనుకున్న ధరకూ నిజంగా అమ్ముడైన ధరకూ ఉండే తేడా) కూడా ఆ వందలోనే సర్దుకోవాలి కాబట్టి ఒకటి రెండు కాయిన్లు తక్కువే కొనండి.

కొన్నాక స్టాప్‌ను లాభం వైపుకే జరపాలి, రెండో వైపుకు వద్దు. కిందికి జరపడం మీ ఒక్కరి బలహీనత కాదు. లాభంలో ఉన్నది తొందరపడి అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకు కూర్చునే ఈ ధోరణికి ఆర్థిక పరిశోధకులు హెర్ష్ షెఫ్రిన్, మీర్ స్టాట్‌మన్ 1985లోనే ‘డిస్పొజిషన్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు.

ఆర్డర్ రకం కూడా చూసుకోండి. ధర జారుడు వేగంగా ఉంటే స్టాప్ లిమిట్ (మీరు చెప్పిన కనీస ధరకు తగ్గకుండా అమ్మే ఆర్డర్) ట్రిగ్గర్ అయినా, మీ లిమిట్‌ను దాటి ధర కిందికి పోతే అమ్ముడు కాదు. స్టాప్ మార్కెట్ (అప్పుడు దొరికిన ధరకు అమ్మే ఆర్డర్) అమ్మేస్తుంది, కాకపోతే ఏ ధరకన్న హామీ లేదు. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ 8,000 డాలర్ల దరిదాపుల నుంచి 5,000 దిగువకు ఒక్కరోజులో పడింది. అలాంటి రోజున తక్కువ ధరకైనా బయటపడటమే మేలు.

ప్రశ్న: ఫ్యూచర్స్‌లో (కాయిన్ చేతికి రాకుండా దాని ధర మీద చేసే కాంట్రాక్టుల్లో) 10 రెట్ల లెవరేజ్‌తో కొన్నాను. స్టాప్ 12 శాతం కింద ఉంది. దానికి తగలకముందే పొజిషన్ ఎగిరిపోయింది. ఎందుకు?

జవాబు: ఆ స్టాప్ ఉన్నా లేనట్టే. 10 రెట్లంటే మీ మార్జిన్ (మీరు పెట్టిన సొంత డబ్బు) పొజిషన్ విలువలో పదో వంతు. ధర 10 శాతం పడితే అదంతా హరించుకుపోతుంది. మెయింటెనెన్స్ మార్జిన్ (పొజిషన్ నిలవడానికి ఉండాల్సిన కనీస మొత్తం) మిగలాలి కాబట్టి ఎక్స్ఛేంజ్ అంతకంటే ముందే మూసేస్తుంది, ఇదే లిక్విడేషన్. లిక్విడేషన్ దూరం స్టాప్ దూరానికి కనీసం రెట్టింపు ఉండేలా చూసుకోండి: 12 శాతం స్టాప్‌కు 3 రెట్లు దాటొద్దు.

లిక్విడేషన్‌ను సాధారణంగా మార్క్ ప్రైస్‌తో (పలు మార్కెట్ల ధరల ఆధారంగా ఎక్స్ఛేంజ్ లెక్కగట్టే ధర) లెక్కిస్తారు. మీ స్టాప్ లాస్ట్ ప్రైస్‌తో (అక్కడ చివరి ట్రేడ్ జరిగిన ధర) ట్రిగ్గర్ అయ్యేలా ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి, రెండూ ఒకే క్షణంలో వేరుగా ఉండొచ్చు. క్రాస్ మార్జిన్‌లో ఒక్క చెడ్డ ట్రేడ్ ఫ్యూచర్స్ వాలెట్‌లోని మిగతా డబ్బును కూడా లాగేసుకుంటుంది, కొత్తవారికి ఐసొలేటెడ్ (నష్టం ఆ ట్రేడ్ మార్జిన్‌కే పరిమితమయ్యేది) మంచిది. ఫండింగ్ (ఫ్యూచర్స్‌లో కొన్నవారు, అమ్మినవారు ఒకరికొకరు నిర్ణీత వేళల్లో కట్టుకునే మొత్తం) లెక్కేసేది మార్జిన్ మీద కాదు, మొత్తం పొజిషన్ మీద. 8 గంటలకోసారి 0.01 శాతం కట్టాల్సి వస్తే, 10 రెట్ల లెవరేజ్‌లో రోజుకు మీ మార్జిన్‌లో 0.3 శాతం పోతుంది.

ప్రశ్న: నష్టం రాగానే రెట్టింపు సైజుతో వెంటనే దిగుతున్నాను. ఒక్కసారి గెలిస్తే అంతా తిరిగొస్తుంది కదా?

జవాబు: 100, 200, 400, 800, 1,600. వరసగా అయిదు ఓడితే 3,100 డాలర్లు, అంటే 10,000లో 31 శాతం. అది పూడాలంటే మిగిలినదానిపై దాదాపు 45 శాతం సంపాదించాలి. అయిదు వరస ఓటములు అరుదేమీ కాదు. పదింట నాలుగే గెలిచినా, గెలిచినప్పుడు నష్టానికి రెట్టింపు తెచ్చే పద్ధతి లాభసాటిదే. అలాంటి మంచి పద్ధతిలో కూడా వంద ట్రేడ్లలో ఈ వరస తగలకపోతేనే ఆశ్చర్యం. ప్రతిసారీ 1 శాతమే పెట్టినవారికి అదే వరసలో పోయేది 5 శాతంలోపే.

ఈ మార్కెట్‌కు మూసే వేళ లేదు, మీరే పెట్టుకోవాలి. రోజులో 2 శాతం పోతే ఓపెన్ ఆర్డర్లు రద్దు చేసి, 24 గంటలు కొత్త ట్రేడ్ వద్దు. ఫ్యూచర్స్ వాలెట్‌లో తక్కువ డబ్బు ఉంచితే ఈ నియమం తప్పడం కష్టం. కోపం ఉన్నంతసేపు ట్రాన్స్‌ఫర్ బటన్ కూడా దూరంగా ఉండాలి మరి!

ప్రశ్న: అయిదు కాయిన్లలో పంచి పెట్టాను. రిస్క్ తగ్గినట్టేనా?

జవాబు: చాలా కొద్దిగా. బిట్‌కాయిన్ గట్టిగా పడిన రోజున మిగతా కాయిన్లు సాధారణంగా దాని వెంటే, చాలాసార్లు అంతకంటే ఎక్కువగా పడతాయి. అయిదింటినీ ఒకే ట్రేడ్‌గా లెక్కించి, స్టాపులన్నీ ఒకేసారి తగిలినా నష్టం 2, 3 శాతం దాటకుండా సైజు పంచండి.

అన్నీ ఒకే ఎక్స్ఛేంజ్‌లో ఉంటే అది వేరే రిస్క్. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ దివాలా తీసినప్పుడు ఏ స్టాప్‌లాసూ ఎవరినీ కాపాడలేదు. ట్రేడింగ్‌కు కావలసినంత ఉంచి మిగతాది సొంత వాలెట్‌కు పంపండి. ముందు చిన్న మొత్తం పంపి, చేరాకే మిగతాది పంపాలి. నెట్‌వర్క్ (కాయిన్లు వెళ్లే బ్లాక్‌చెయిన్) తప్పుగా ఎంచుకుంటే తిరిగి రాబట్టడం చాలా కష్టం.