సేవ చెయ్యడానికి పీజీ ఎందుకు అంటున్నారా?

ఖమ్మం నుంచి ఒక తల్లి రాశారు. వాళ్లమ్మాయి బీఏ అయిపోయింది, ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదువుతానంటోంది. మేనమామ మాత్రం "సేవ చెయ్యడానికి పీజీ దేనికి, బీఈడీ చేస్తే టీచరన్నా అవుతుంది" అంటున్నారట. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ చదువుకు విలువ ఉందా, ఉద్యోగం నిలబడుతుందా అని అడిగారు.

అమ్మా, చదువుకు విలువ ఉంది. ఆ పని చేసేవాళ్లకు రావాల్సిన గుర్తింపే ఇంకా రాలేదు. మేనమామ గారు అన్న ఆ "సేవ" అనే మాట దగ్గరే చిక్కంతా ఉంది.

జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో పనిచేసే ఒక అమ్మాయి నాకు తెలుసు. పదహారేళ్ల పాపకు పెళ్లి చేస్తున్నారని ఫోన్ వస్తే రాత్రి పదింటికైనా ఊరికి వెళ్లాలి, పెద్దమనుషుల కోపం తట్టుకోవాలి, పాపను బయటికి తేవాలి. ఆ తర్వాత ఆ ఇంటి సంగతులన్నీ విచారించి బాలల సంక్షేమ సమితికి నివేదిక రాయాలి, చట్టం దానికి ఇచ్చిన గడువు 15 రోజులు. పాప ఇంటికి వెళ్లాలా, హోమ్‌లో ఉండాలా అన్నది తేల్చడానికి ఆ కాగితమే ఆధారం. మంచి మనసు ఉంటే చాలు, ఎవరైనా రాసేస్తారనుకుంటే పొరపాటే.

ఇంత బాధ్యతకు జీతమెంతో తెలుసా? పిల్లల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల ప్రకారం సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు, అవుట్‌రీచ్ వర్కర్‌కు 10,592. అవి కూడా కాంట్రాక్టు పోస్టులే. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది.

లాయర్లకు బార్ కౌన్సిల్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టు సోషల్ వర్కర్లకు మన దేశంలో సొంత కౌన్సిల్ లేదు. ముంబయిలో 1936లోనే, ఇప్పుడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్న సంస్థతో, ఈ చదువు మొదలైంది, కౌన్సిల్ కావాలని అడగడం కూడా దశాబ్దాల నాటి మాట. బ్రిటన్‌లోనైతే 2005 నుంచి రిజిస్టర్ కానివాళ్లు సోషల్ వర్కర్ అని పేరు పెట్టుకోవడానికే వీల్లేదు. ఇక్కడ ఎవరైనా పెట్టుకోవచ్చు, అందుకే ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకూ చదవనివాళ్లకూ ఒకటే జీతం చూపిస్తారు.

అంగన్‌వాడీల సంగతీ ఇంతే. "గౌరవ వేతనం" అన్న పేరుతో ఏళ్ల తరబడి తక్కువ డబ్బుకు పనిచేయించుకున్నారు. వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2022లో. ఆ తర్వాత కూడా ఆంధ్రలో జీతాల పెంపు కోసం 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది.

మరి అమ్మాయిని వద్దనాలా? వద్దనకండి. చట్టం పేరు పెట్టి అడిగే అర్హత వైపు పంపండి. 250 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని, 2025 నవంబరులో పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ చెప్పింది కాబట్టి ఎంఎస్‌డబ్ల్యూలో కార్మిక సంక్షేమం తీసుకున్నవాళ్లకు ఆ దారి ఉంది. ఆసుపత్రులంటే ఇష్టమైతే మెడికల్, సైకియాట్రిక్ (మానసిక వైద్యానికి సంబంధించిన) సోషల్ వర్క్ చూడమనండి, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో ఇవి రెండూ ఉన్నాయి, నా లెక్కలో గుర్తింపుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న దారి ఇదే. కాకపోతే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఎంఫిల్ అడుగుతుంది. యూజీసీ ఎంఫిల్‌లను ఆపేసినా దీనికీ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 వరకు గడువు పొడిగించింది. అందుకని అమ్మాయి చేరే ఏడాదికి ఆ కోర్సు ఏ పేరుతో ఉందో ముందే కనుక్కోండి.

కాలేజీ చూసేటప్పుడు బిల్డింగ్ చూడకండి. వారంలో ఫీల్డ్ వర్క్ ఎన్ని రోజులు, ఎక్కడికి పంపుతారు, అక్కడ నేర్పే మనిషి ఎవరు అని అడగండి. రెండు రోజులైనా బయటికి పంపని చోట చేరొద్దు. తర్వాత ఉద్యోగంలో చేరేటప్పుడు ఒప్పందం ఎన్ని నెలలు, పీఎఫ్ ఉందా, తిరిగే ఖర్చు ఎవరిది, రాత్రి పిలిస్తే తోడు ఎవరొస్తారు అని అమ్మాయే అడగాలి, సిగ్గుపడకూడదు. "సేవాభావం ఉండాలమ్మా" అని జవాబొస్తే అక్కడ చేరొద్దని చెప్పండి.

మేనమామ గారికి ఈ ఉత్తరం చూపించండి. ఇంకా సందేహముంటే ఆయన్నే రాయమనండి, జవాబిస్తాను.